సుగుణ టీచరుగారి పాటల సీడీ

2013. రాజాం బస్టాండు దగ్గర నాకో చిన్న కంప్యూటర్ షాపు. రిపేర్లు చేస్తూ, అడిగినవాళ్లకు చిన్నచిన్న ప్రోగ్రాములు రాసిచ్చేవాణ్ణి. అలా వచ్చినవారే రిటైర్డ్ టీచరు సుగుణమ్మగారు. చర్చిలో ముసలమ్మల నోట విన్న పాటలన్నీ ఏళ్ల తరబడి, ఇప్పటి కంప్యూటర్లలో అక్షరాలు సరిగా కనబడని పాత ఫాంటులో టైపు చేసి దాచారు. పాడినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. ఆ పాటలు ఈస్టరుకి సీడీలుగా ఇంటింటికీ చేరాలని ఆవిడ కోరిక.

ఫాంటు మార్చడానికి ఒకటి, పాట వెతకడానికి ఒకటి, ఇంటర్నెట్‌లో దొరికిన రెండు ప్రోగ్రాములను, ఆ పాటలు కంప్యూటర్లో చదువుకోవడానికి నేను రాసిన ప్రోగ్రాములో కలిపేశాను. రెండూ ఓపెన్ సోర్స్, అంటే ప్రోగ్రాము రాసిన కోడు అందరికీ తెరిచి ఉంచినవి. ఇంకేం కావాలి అనుకున్నాను. తీరా సీడీ తయారుచేసే రోజు వాటి లైసెన్సులు, అంటే వాడుకునే షరతులు చదివితే తల తిరిగిపోయింది. మొదటిదానికి జీపీఎల్ అనే లైసెన్సు, అదీ రెండో వెర్షన్ మాత్రమే. పంచితే కోడు కూడా ఇవ్వాలి, పైన కొత్త షరతులు పెట్టకూడదు. రెండోదానికి అపాచీ అనే లైసెన్సు, దానికి వేరే షరతులున్నాయి. విడివిడిగా రెండూ మంచివే, కలిపి పంచకూడదట! పది రోజులు చదివాను. చదివినకొద్దీ అయోమయం.

చివరికి ఆవిడకు చెప్పక తప్పలేదు.

“మనం వాడుకుంటే తప్పు నేదు, పదిమందికిస్తే తప్పా? ఇదేటి బాబూ?”

“పంచితే కోడు కూడా ఇమ్మంటున్నాడండీ మొదటి ప్రోగ్రాము రాసినాయన.”

“అది నాయమే కదా. మా పాటల పుస్తకాలకీ అదే రూలు. ఒకరిది సూసి రాసుకున్నోళ్లు, ఇంకొకరడిగితే తమదీ ఇవ్వాల. మరి రెండోదాంతో పేచీ ఏటి?”

“దాని షరతులు వేరండీ. పైన కొత్త షరతులేవీ కలపొద్దంటున్నాడు మొదటాయన.”

 కోడు కూడా ఎందుకివ్వాలో పది రోజులు నా బుర్రకెక్కలేదు, ఆవిడకు నిమిషంలో ఎక్కింది. సిగ్గేసింది.

“ఆ మొదటిది రాసినాయన బతికున్నాడా?”

“ఉండే ఉంటాడండీ.”

“మరి అడిగేవా?”

అడగలేదు. అడగొచ్చన్న ఆలోచనే రాలేదు.

ఆ పూటే ఈమెయిల్ పెట్టాను. ఈస్టరుకి నాలుగు రోజుల ముందు జవాబొచ్చింది. కోడంతా తనే రాశాడు కాబట్టి అనుమతి తన చేతిలోనే ఉందట, జీపీఎల్ మూడో వెర్షన్ కింద కూడా వాడుకోమన్నాడు. ఆ వెర్షన్‌కి అపాచీతో పేచీ లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

లైసెన్సులు ఇప్పటికీ నాకు పూర్తిగా అర్థమయ్యాయని చెప్పను. కానీ కోడు కలిపే ముందే చదువుతాను, తెలియకపోతే రాసినవాళ్లనే అడుగుతాను. ఆ సీడీల్లో పాటలతోపాటు కోడు కూడా పెట్టాం. ఒక్కో సీడీ మీదా టీచరుగారు తన చేత్తో రాశారు: “ఎవరడిగినా లేదనకండి.”