రక్తపు గొట్టాలు మోసిన చిన్న కారు

రిటైరు కావడానికి రెండేళ్ల ముందు, ఆగస్టు మొదటి వారంలో, నన్ను కర్నూలు వర్క్‌షాపు నుంచి కడప సర్వీస్ సెంటరుకు వర్క్స్ మేనేజరుగా బదిలీ చేశారు. కార్ల కంపెనీ సర్వీస్ సెంటర్లలో ఆ పదవి ఏమిటో బయటివాళ్లకు అంతగా తెలియదు. బండి లోపలికి రాగానే కస్టమరుతో మాట్లాడి జాబ్ కార్డు రాసేది సర్వీస్ అడ్వైజరు. ఆ కార్డు చూసి పని పంచేది ఫ్లోర్ సూపర్‌వైజరు. పాన పట్టేది టెక్నీషియన్లు. అంతా అయ్యాక బండిని ఒకసారి నడిపి చూసి, బయటికి పంపమని సంతకం పెట్టేది వర్క్స్ మేనేజరు. ఏదైనా తేడా వస్తే పైవాళ్లు మొదట చూసేది ఆ సంతకం ఎవరిదని.

నేను చేరిన పదో రోజు ఉదయం గేటు దగ్గర ఒక తెల్లటి చిన్న కారు ఆగింది. నేల మీద పొట్ట ఆనించినట్టుంది. వెడల్పాటి టైర్లు, మెరిసే అల్లాయ్ రిమ్ములు. కుర్రాళ్ల బండి అనుకున్నాను. దిగింది మాత్రం ముప్పై అయిదేళ్ల మనిషి, చేతిలో నీలం రంగు ఐస్ పెట్టె. పేరు నసీమా. మైదుకూరులో ఉంటుంది, ల్యాబ్ టెక్నీషియను. పొద్దున్నే చుట్టుపక్కల ఊళ్లు తిరిగి రక్తం శాంపిళ్లు తీసుకుని, మధ్యాహ్నంలోగా కడపలో ఒక ఆసుపత్రి ల్యాబుకు చేర్చడం ఆమె పని.

మా అడ్వైజరు బండి తీసుకోనన్నాడు. కంపెనీవి కాని స్ప్రింగులు బిగించిన బండిని ముట్టుకోకూడదని రూలు. రేపు ఏదైనా జరిగితే ఆ నింద మా మీదికి వస్తుంది. రూలులో తప్పు లేదు. ఆమె గొడవ పడలేదు, బతిమాలలేదు. నా గది తలుపు దగ్గరికి వచ్చి, పెట్టె తెరిచి, రెండు గాజు గొట్టాలు నా బల్ల మీద పెట్టింది.

“రెండూ నా రక్తమే సార్. ఇది నిన్న పొద్దున మైదుకూరులో తీసి కారులో తెచ్చింది. ఇది కడపకొచ్చినాక ఆసుపత్రిలో తీసింది. రెండూ ఒకే మిషన్లో తిప్పినారు. చూడండి.”

రక్తాన్ని ఆ మిషన్లో గిరగిరా తిప్పితే ఎర్ర కణాలు అడుగుకు చేరి, పైన లేత పసుపు నీరు తేలుతుంది. పరీక్షలు చేసేది ఆ నీటితోనే. కడపలో తీసిన గొట్టంలో పైన ఎండుగడ్డి రంగు నీరు తేటగా ఉంది. కారులో వచ్చిన దానిలో ఆ నీరు దానిమ్మ రసంలా ఉంది. దారిలో కుదుపులకు కణాలు చిట్లితే అట్లా అవుతుందట. అట్లాంటి శాంపిల్‌ను ల్యాబు డాక్టరు తిప్పి పంపేస్తారు. మళ్లీ ఆ ఊరికి పోయి, అదే మనిషికి మళ్లీ సూది గుచ్చాలి.

సూది మార్చి చూసింది. ఐసు తగ్గించి, పెంచి చూసింది. పెట్టెలో స్పాంజి పరిచి చూసింది. స్కూటరు మీద తిరిగినన్నాళ్లు రోజూ పది గొట్టాలే తెచ్చేది, ఒక్కటీ ఎర్రబడలేదు. ఊళ్లు పెరిగి, ఎండలో పెట్టె మోయలేక, ప్రొద్దుటూరులో ఒక కుర్రాడి దగ్గర ఈ పాత కారు కొన్నప్పటి నుంచే ఈ తిప్పలు. నా సర్వీసంతా “బండి ఏదో సౌండు వస్తోంది” అనే ఫిర్యాదులు విన్నవాణ్ణి. ఇంత పద్ధతిగా కారణాలన్నీ ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చి, చేతిలో రుజువు పెట్టిన కస్టమరును అదే మొదటిసారి చూడటం.

“ఆసుపత్రివాళ్లు నెలాఖరు దాకా చూస్తామన్నారు సార్. అప్పటికీ ఇట్లనే ఉంటే పని వేరేవాళ్లకు ఇస్తారంట. అది పోతే పోనీ. ఒక ముసలాయమ్మకు మూడుసార్లు గుచ్చినా. నాలుగోసారి పోతే తలుపు తీయలేదు. ఆమెకు షుగరు శానా ఎక్కువుండాది.”

కర్నూలులో ఉండే మా ఏరియా మేనేజరుకు ఫోన్ చేసి అనుమతి అడిగాను. ఆయన నాకన్నా పదిహేనేళ్లు చిన్న, అయినా నాకు పైఅధికారి. రూలు చదివి వినిపించి, ముట్టుకుంటే బాధ్యత మీది అన్నాడు. వద్దు అనే మాట మాత్రం ఆయన నోట రాలేదు. నేను జాబ్ కార్డు తెప్పించి అడ్వైజరు సంతకం చేయాల్సిన చోట నా సంతకం చేశాను.

ఫ్లోర్ సూపర్‌వైజరు ఓబులేసు. ఆ షెడ్డు కట్టినప్పటి నుంచి అక్కడే ఉన్నవాడు. బండిని లిఫ్టు మీద ఎక్కించి, ముందు చక్రం విప్పి, స్ప్రింగు బయటికి తీసి కంపెనీ స్ప్రింగు పక్కన నిలబెట్టాడు. నాలుగు వేళ్లు పొట్టి. దాని కింద బంప్ స్టాప్ అని ఒక రబ్బరు ముక్క ఉంటుంది. ఎప్పుడో పెద్ద గుంతలో పడినప్పుడు లోహానికి లోహం తగలకుండా కాపాడటానికి పెట్టింది. అది నలిగి పిండి అయిపోయింది. అంటే ప్రతి చిన్న గతుక్కూ బండి స్ప్రింగు మీద కాకుండా ఆ రబ్బరు మీదే కూర్చుంటోంది.

“స్ప్రింగు ఉండాది గానీ సార్, దానికి పనే లేదు. ఎద్దుల బండి ఇంతకన్నా మేలు,” అన్నాడు ఓబులేసు.

మా ముందు మూడు దారులున్నాయి. స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు దిమ్మలు దూర్చి బండిని ఎత్తడం మొదటిది. చవక, అరగంట పని, బజారులో అందరూ చేసేదే. కానీ దిమ్మ పెట్టిన చోట స్ప్రింగు కదలదు, ఎత్తు పెరిగినా మెత్తదనం రాదు. రెండోది ఇదే మోడల్ డీజిల్ బండి స్ప్రింగులు వేయడం. బలంగా ఉంటాయని చాలామంది అడిగి వేయించుకుంటారు. బరువైన డీజిల్ ఇంజను కోసం చేసిన స్ప్రింగు తేలికైన పెట్రోలు బండి కింద అణగదు. మూడోది పెట్రోలు బండికి కంపెనీ ఇచ్చిన స్ప్రింగే వేసి, షాక్ అబ్జార్బరును మాత్రం ఒక మెట్టు మంచిది, గ్యాసు నింపినది వేయడం. స్ప్రింగు దెబ్బను మింగుతుంది. ఆ తర్వాత అది ఊగుతూ ఉండకుండా పట్టి ఆపేది షాక్ అబ్జార్బరు. మట్టి రోడ్ల మీద గంటల తరబడి తిరిగే బండిలో మామూలు షాక్ అబ్జార్బరు నూనె వేడెక్కి, నురుగు కట్టి, పట్టు వదిలేస్తుంది. గ్యాసుది అంత తొందరగా వదలదు.

మూడో దారి పట్టాం. స్ప్రింగుల మీద రంగు చుక్కలుంటాయి, పెట్రోలుకు ఒక రంగు, డీజిలుకు ఒక రంగు. స్టోరు నుంచి వచ్చిన నాలుగింటిలో ఒకటి వేరే రంగుది. ఓబులేసు అది పట్టుకోకపోతే బండి ఒక పక్కకు ఒరిగి ఉండేది. బిగించాక వీల్ అలైన్‌మెంటు చేయించాం. బండి ఎత్తు మారితే చక్రాల కోణాలు కూడా మారతాయి. అది చూసుకోకపోతే టైర్లు ఒక అంచునే అరిగిపోతాయి.

పరీక్ష ఎట్లా? రోగుల రక్తంతో ప్రయోగం చేయడం నసీమాకు ఇష్టం లేదు. మర్నాడు పొద్దున నేను, ఓబులేసు మైదుకూరు పోయాం. ఆమె మా ఇద్దరి చేతుల నుంచీ, తన చేతి నుంచీ రెండేసి గొట్టాలు తీసింది. సూది చూసి ఓబులేసు మొహం అటు తిప్పుకున్నాడు.

“బండి రిపేరు చేసేదీ మనమే, రక్తం ఇచ్చేదీ మనమేనా సార్?”

“కళ్లు మూసుకోప్పా, అయిపోయింది,” అంది నసీమా.

ఆమె రోజూ తిరిగే ఊళ్లన్నీ అదే వేగంతో తిరిగి కడప చేరాం. పెద్ద దెబ్బలు పోయాయి. స్పీడ్ బ్రేకర్ల మీద బండి లేచి మెత్తగా కూర్చుంది. నేను మనసులో గెలిచేశాను. ఆసుపత్రిలో మిషన్ ఆగాక ల్యాబు డాక్టరమ్మ ఆరు గొట్టాలు వరసగా పెట్టింది. మూడు తేటగా ఉన్నాయి. మూడు గులాబి రంగులో ఉన్నాయి.

గులాబి గొట్టాలు మూడింటినీ నసీమా వేరే పక్కన పెట్టింది. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు. సాయంత్రం ఏరియా మేనేజరు ఫోన్ చేసి ఏమైందని అడిగాడు. సగం అయింది అన్నాను. సగం అనే గడి రిపోర్టులో లేదన్నాడు.

మర్నాడు స్టీరింగు నసీమాకే వదిలి, నేను వెనక సీటులో, ఐస్ పెట్టె మీద అరచేయి ఆనించి కూర్చున్నాను. మైదుకూరు రోడ్డు మీద, బాగున్న తారు మీద కూడా, పెట్టె ఆగకుండా జివ్వుమంటోంది. ముందు సీటులో ఉన్నవాడికి అది తెలియదు. స్ప్రింగు దాకా రాని సన్నటి అదురు అది. స్ప్రింగు కన్నా ముందు నేలను తాకేది టైరు. నేను మొదటి రోజే చూసి, చూడనట్టు వదిలేసింది అదే.

బండి ఆపించి టైరు అంచు మీది అంకెలు చదివాను. 205, 45, 16. మొదటిది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది టైరు గోడ ఎత్తు, వెడల్పులో ఎంత శాతమో చెబుతుంది. మూడోది రిమ్ము కొలత, అంగుళాల్లో. కంపెనీ ఇచ్చిన సైజు 175, 65, 14. బయటి చుట్టుకొలత రెండింటికీ ఇంచుమించు ఒకటే. కానీ పెద్ద రిమ్ము కోసం గోడ ఎత్తులో రెండు సెంటీమీటర్లకు పైగా పోయింది. గాలి నిండిన ఆ గోడే బండికి మొదటి మెత్త. పైగా గాలి చూస్తే, ముప్పై ఉండాల్సిన చోట నలభై రెండు ఉంది. తక్కువ పెడితే గుంతల్లో రిమ్ము వంగుతుందని అమ్మిన కుర్రాడు చెప్పాడట. ఆ మాటా నిజమే. గోడ పొట్టిగా ఉన్నందుకు గాలి ఎక్కువ, గాలి ఎక్కువైనందుకు టైరు రాయి.

రిమ్ములు మార్చాలన్నప్పుడు నసీమా మొదటిసారి వెనకాడింది.

“స్కూటరు మీద పోయినప్పుడు వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడేవాళ్లు సార్. ఈ చక్రాలు చూసి డాక్టరమ్మ వచ్చిందని మంచం వేస్తాండారు.”

నవ్వడానికి లేని మాట అది. మారుస్తావా, మానేస్తావా అని నేను తొందర పెట్టలేదు. మా వర్క్‌షాపులో కస్టమర్ల ఇళ్లకు పోయి రావడానికి అదే మోడల్ కారు ఒకటి ఉంది. దాని నాలుగు చక్రాలు, మామూలు ఇనుప రిమ్ములు, విప్పి ఆమె బండికి బిగించి, చల్లటి టైరులో గాలి ముప్పై పెట్టి, ఒక్కరోజు నడిపి చూడమన్నాను. మళ్లీ మా ముగ్గురి రక్తం. ఈసారి ఓబులేసు రెండో చేయి చాపాడు.

మధ్యాహ్నం పన్నెండు దాటింది. మిషన్ ఆగింది. డాక్టరమ్మ మూత తీసి ఒక గొట్టాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుంది. దాన్ని పక్కన పెట్టి రెండోది తీసింది. మూడోది. ఆరింటికి ఆరూ ఎండుగడ్డి రంగు. ఒక్కదానిలో ఎర్రటి జీర కూడా లేదు. ఆమె నసీమా వైపు తిరిగి, కడపలో తీసిన రక్తానికీ దీనికీ తేడా చెప్పలేను అంది. నసీమా రెండు చేతులతో నోరు మూసుకుంది. ఓబులేసు ల్యాబులోనే గట్టిగా “అయ్యిందిరా నాయనా!” అన్నాడు. నర్సులు తొంగి చూశారు. అంత పెద్ద సర్వీసులో ఎన్నో ఇంజన్లు స్టార్టయినప్పుడు సంతోషించాను గానీ, ఆ రోజు పొందినంత సంతోషం ఇంకెప్పుడూ పొందినట్టు గుర్తు లేదు.

రిమ్ముల సంగతి ఆమే తేల్చింది. “మంచం లేకపోయినా పర్వాలేదు సార్, ముసలామె తలుపు తీస్తే చాలు.” అల్లాయ్ రిమ్ములు వచ్చిన ధరకు ఇచ్చేసి, ఇనుప రిమ్ములకు కొత్త టైర్లు తీసుకుంది. ఎంచడానికి నేను తోడు పోయాను. టైరు గోడ మీద అది ఎప్పుడు తయారైందో చెప్పే నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. షాపతను మొదట చూపించినవి మన ఎండల్లో రెండు వేసవులు గోడౌనులో మగ్గినవి. అవి వద్దని ఆ ఏడాది తయారైనవే తెప్పించాం. కంపెనీ సైజులోనే, వేగానికి పేరున్న రకం వదిలేసి, గోడ దిట్టంగా ఉన్న రకం ఎంచాం. ఆమె తిరిగే దారుల్లో నాపరాళ్ల లారీల నుంచి రాలిన పెంకులు ఉంటాయి. పక్క గోడ కోసుకుపోతే ఆ టైరు పంక్చరుకు కూడా పనికిరాదు.

నెలాఖరుకు ఆసుపత్రి నుంచి కాగితం వచ్చింది. టైర్లు మార్చినప్పటి నుంచి ఆమె తెచ్చిన శాంపిళ్లలో ఒక్కటీ తిప్పి పంపలేదు. పని ఆమెదే అయింది, ఇంకో మూడు ఊళ్లు కలిపి మరీ ఇచ్చారు. ముసలామె తలుపు తీసిందని, నాలుగోసారి గుచ్చిన సూదే ఆఖరిదైందని నసీమా ఫోన్ చేసి చెప్పింది.

వారం తర్వాత ఏరియా మేనేజరు స్వయంగా కడపకు వచ్చాడు. జాబ్ కార్డు తెప్పించుకుని నా సంతకం చూశాడు. మందలింపు కోసం సిద్ధంగానే ఉన్నాను. ఆయన ఆ కార్డు కాపీ తీయించి, బయటి భాగాలు బిగించిన బండిని ఎట్లా తీసుకోవాలో, ఏ వరసలో చూడాలో ఒక పేజీలో రాసి ఇమ్మన్నాడు. ఓబులేసు, నేను కూర్చుని రాశాం. ఇద్దరి పేర్లతో ఆ పేజీ కర్నూలు, కడప సర్వీస్ సెంటర్లు రెండింటిలోనూ గోడకెక్కింది. అట్లాంటి బండ్లను గేటు దగ్గరే తిప్పి పంపడం ఆగిపోయింది.

ఆ పేజీలో మొదటి వాక్యం నా తప్పు నుంచి వచ్చిందే. నేను ఖరీదైన చోట మొదలుపెట్టాను. స్ప్రింగు విప్పి, షాక్ అబ్జార్బరు మార్చి, అలైన్‌మెంటు చేయించి, ఆఖరున టైరు దగ్గరికి వచ్చాను. స్ప్రింగులు ఎట్లాగూ మార్చాల్సినవే. కానీ గాలి కొలవడానికి రెండు నిమిషాలు, టైరు అంకెలు చదవడానికి ఇంకో నిమిషం చాలు. మొదటి రోజే ఆ మూడు నిమిషాలు పెట్టి ఉంటే రెండోసారి ముగ్గురి చేతులకూ సూది పడేది కాదు. కుదుపు అని బండి వస్తే ముందు గాలి, తర్వాత టైరు సైజు, ఆ తర్వాతే స్ప్రింగు. రిటైరయ్యే రోజు వరకు ఆ వరస తప్పించి ఏ బండినీ లిఫ్టు ఎక్కనివ్వలేదు.