ఆనందం మాస్టరూ, అంచున ఎర్రముక్కా

కమలాపురం మిషను బడిలో డ్రాయింగు నేర్పిన ఆనందం మాస్టరు మద్రాసు పరీక్ష ప్యాసై, చిత్రకళ మొత్తానికీ ఒకటే సూత్రమని తెలుసుకుని వచ్చిన మహానుభావుడు. ఎడమపక్క ఉన్నది కుడిపక్కా ఉండాలి. ఒంటిగా ఉన్నది నడిమికి రావాలి. తక్కిన సూత్రాలు పుస్తకంలో ఉన్నాయిగాని వాటి అవసరం ఆయనకు కనబడలేదు.

నమ్మినదాన్ని ఆచరించే మనిషి. పాపిడి నడినెత్తిన తీసేవాడు. చొక్కాకు రెండు జేబులు, జేబుకొక పెన్ను. ఒకదానిలో సిరా ఉండేది కాదు. ఎడమబుగ్గ మీద కురుపు లేచినప్పుడు, కుడిబుగ్గ తన కర్తవ్యం మరిచిందని నొచ్చుకున్నాడంటారు. శిష్యులు గీసిన కుండలన్నిటికీ రెండేసి చెవులు. అట్లాంటి కుండను ఆ చుట్టుపక్కల ఏ కుమ్మరీ చేసిన పాపాన పోలేదు.

ఇంతటి విద్వాంసుడు తొమ్మిదేండ్లుగా టెంపరరీ. 1936లో ఇన్‌స్పెక్టరు వస్తున్నాడనీ, ఆయన మెచ్చితే ఉద్యోగం ఖాయమనీ తెలిసింది.

ఆ చలికాలమే బడి పక్కింటి మహబూబ్ బీని ఒక బొంత కుట్టమన్నాడు. పాతచీరల ముక్కలతో ఆమె కుట్టిన బొంతలో అన్నీ నీలాలూ బూడిదరంగులూ; ఒకే ఒక ఎర్రముక్క, అదీ ఒక అంచున. దాన్ని విప్పి నడిమికి వేయమన్నాడు మాస్టరు. ఆమె కారణం చెప్పబోతే వినకుండా పుస్తకం తెచ్చి చూపించాడు. అయినా లొంగకపోయేసరికి బొంత వద్దని చెప్పి, చలికి వణుకుతూ సిద్ధాంతాన్ని కాపాడుకున్నాడు.

తనిఖీనాడు కుర్చీ అల్లిక తెగి ఉండడంతో హెడ్మాస్టరు ఆ బొంతనే అడిగి తెచ్చి పరిచాడు. ఇన్‌స్పెక్టరు రెండు చెవుల కుండలన్నీ చూసి నిట్టూర్చి, కూర్చోబోతూ ఆగాడు. ఆ ఒక్క ఎరుపు ఎంత ఇంపుగా ఉందన్నాడు. అంచున ఎందుకుందని మాస్టరునే అడిగాడు.

"అది తప్పండీ. నేనప్పుడే చెప్పినా," అన్నాడు మాస్టరు.

బొంత ఏమవుతుందోనని వాకిట నిలబడిన మహబూబ్ బీ లోపలికి తొంగిచూసింది. "అది తలపక్క గుర్తు సారూ. నడిమికేస్తే ఏది తల, ఏది కాళ్లు? ఈ అయివారు రేపు పాదాలు పెట్టిన పక్కనే మొగానికి కప్పుకుంటాడు గదా."

ఇన్‌స్పెక్టరు నవ్వాపుకున్నాడు. "పనికొచ్చే చోటే దానికి చోటు, ఆనందంగారూ. ఈ బొంతను ఉన్నదున్నట్టు గీసి పంపండి. అది చూసి మీ సంగతి రాస్తాను."

పదిహేను రోజులు గీశాడు. నూటపదమూడు ముక్కలు, కుట్లతో సహా, ఒక్కటీ తప్పలేదు. రంగు వేయడానికి చివర రెండు మిగిలాయి: అంచుది, నడిమిది. కుంచెను ఎరుపులో ముంచి అంచుదాకా పోనిచ్చాడు. చదువుకున్న చెయ్యి అంత ఘోరానికి ఒప్పుకోలేదు. ఎరుపును నడిమికి దించి, అంచుకు నీలం పూశాడు.

జవాబు రెండు వరుసలు: ఖాయం చేయ వీలుపడదు. ఆ తరువాత దేశానికి స్వాతంత్ర్యం వచ్చిందిగాని మాస్టరు టెంపరరీ పోలేదు. ఆ కాగితాన్ని మాత్రం ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చూపేవాడు. సంతకం ఒక మూలకు ఉండాది చూడప్పా, ఇట్లాంటి మనిషికి చిత్రలేఖనం ఏం తెలుస్తాది అని జాలిపడేవాడు.