బాబాయి తుపాకీకి వీధి సాక్ష్యం

రాయపూర్‌లోని మోవాలో మా వీధి ఇళ్ళకి తాళాలుండేవి, రహస్యాలుండేవి కావు. ఒకింట్లో కూర మాడితే నాలుగో ఇంటివాళ్ళు పెరుగు గిన్నెతో వచ్చేసేవారు.

నేను కాలేజీలో ఉన్న రోజుల్లో, అలాంటి వీధిలో ఉంటూ మా బాబాయి తుపాకీ లైసెన్సుకి దరఖాస్తు పెట్టాడు. రైల్వే పోలీసుగా రిటైరయ్యాడు. సొంత తుపాకీ ఉంటే గేటు దగ్గర గన్‌మన్‌గా తీసుకుంటామని ఉర్లాలో ఒక ఇనుము ఫ్యాక్టరీ వాళ్ళు అన్నారు. పిన్ని పోయాక పొద్దున్నే బూట్లు తొడుక్కోవడానికి ఆయనకో కారణం కావలసి వచ్చింది. మీసం అప్పటికే పెంచేశాడు. తుపాకీ రావడమే తరువాయి.

చిక్కల్లా ఒకటే. పిన్ని పోయిన కొత్తలో ఆయన నిద్రా మాటా రెండూ మానేస్తే, ఎదురింటి నర్సు పెద్దమ్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మానసిక వైద్యుడే గానీ, మా వీధిలో ఆయన పేరు 'నిద్ర డాక్టరు'. బాబాయి కొన్ని నెలలు మాత్రలు వాడాడు. ఈ సంగతి సర్కారుకి తెలీదు, వీధికంతటికీ తెలుసు.

విచారణకి పోలీసు వస్తాడని నాన్న ఇల్లిల్లూ తిరిగాడు. "మాత్రల మాట ఎవులూ ఎత్తకండి బావూ."

ఎత్తలేదు. కానీ బయటివాడొచ్చి మగాడి గుణగణాలు అడిగితే మావాళ్ళకి తెలిసింది పెళ్ళి సంబంధమొక్కటే. ఆ పాఠమే అప్పజెప్పారు. "బహుత్ శాంత్ ఆద్మీ, సార్!" "దోమని కూడా కొట్టడు!" "గట్టిగా తుమ్మడు కూడానూ!"

కానిస్టేబులు రాయడం ఆపాడు. "త ఫేర్ బందూక్ కాబర్?" మరి తుపాకీ ఎందుకూ అని. న్యాయమైన ప్రశ్నే.

అప్పుడే డ్యూటీ దిగి వస్తున్న పెద్దమ్మని ఆపి అడిగాడు. "దిమాగ్ ఠీక్ హై న ఇన్‌కా?" ఈయన బుర్ర బాగానే ఉంది కదా అని.

పెద్దమ్మ అబద్ధమాడదు. సినిమాలో అయితే ఉరుము ఉరమాలి. మా ఇంట్లో కుక్కర్ కూసింది.

"నువ్వూరుకో అక్కా, నాను సెప్తాను," అని బాబాయి లేచాడు. ఆ తర్వాతి ముక్క కానిస్టేబులుకి హిందీలో చెప్పాడు. "మందులు వాడాను సార్. ఇప్పుడు బాగానే ఉన్నాను. కానీ ఆ రోజుల్లో నా చేతిలో తుపాకీ ఉంటే ఏం చేసుండేవాణ్ణో నాకే తెలీదు. రాసుకోండి."

నాన్న నేల చూశాడు. కానిస్టేబులు కలం మూసి, చాయ్ ఉందా అని అడిగాడు.

లైసెన్సు రాలేదు. ఫ్యాక్టరీ వాళ్ళు మీసం చూసి ముచ్చటపడి, లాఠీ ఇచ్చి అదే గేటు దగ్గర నిలబెట్టారు. బాబాయి రోజూ బూట్లు తొడుక్కున్నాడు. ఆయన బయల్దేరేటప్పుడు పెద్దమ్మ ఎదురింటి గుమ్మంలోంచి కేకేసేది. "నిద్ర పట్టిందా తమ్ముడూ?" వీధంతా జవాబు వినేది.

ఇప్పుడు నేను నయా రాయపూర్‌లో ఉంటున్నాను. రోడ్లు వెడల్పు, మనుషులు తక్కువ. నా గురించి విచారణకొస్తే పక్క ఫ్లాటాయన, "ఏ గొడవా లేదు సార్, మంచివాడే అనుకుంటా," అంటాడు. నాకు నిద్ర పడుతోందో లేదో ఆయనకేం తెలుసు?

నాకైతే తుపాకీ రేపే ఇచ్చేస్తారు.