ఇత్తడి గుండు మీద మొదటి చెయ్యి

నా చిన్నప్పుడు ఒమన్‌లోని అల్ ఖౌద్‌లో మేం అద్దెకున్న బిల్డింగు మెట్ల చివర ఒక ఇత్తడి గుండు ఉండేది. రెయిలింగుకి అలంకారంగా బిగించింది. దుమ్ము పట్టి నల్లగా, ఎవరికీ పట్టకుండా పడి ఉండేది. అలాంటి గుండుకి మహత్యం ఎలా వచ్చిందో నేను కళ్ళారా చూశాను. అందుకే ఈ వయసులో కూడా ఎవరైనా మహత్యాల మాటెత్తితే నాకు ముందు నవ్వొస్తుంది, ఆ వెనకే కోపమొస్తుంది.

అవి తొంభైల తొలి రోజులు. మా పై అంతస్తులో ఉండే అక్క యూరప్‌లోని ప్రాగ్ నగరంలో చదువుకోవడానికి వెళ్ళింది. చలికాలం సెలవులకి తిరిగొచ్చినప్పుడు బిల్డింగులోని తెలుగువాళ్ళందరం వాళ్ళింట్లో పోగయ్యాం. వాళ్ళమ్మ పకోడీలు వేస్తూనే ఉంది, అక్క చెబుతూనే ఉంది. ఆ ఊళ్ళో మొదటి రోజులన్నీ దారి తప్పడంతోనే గడిచాయట. వీధులన్నీ రాళ్ళు పరిచినవి. మత్రా సూక్ బజార్లో ముచ్చటపడి కొనుక్కున్న ఎత్తు చెప్పు మొదటి పూటే ఒక మడమని రాళ్ళ సందులో వదిలేసింది. రెండు స్వెట్టర్లు, మంకీ క్యాపు తగిలించుకుని ఈవిడ కుంటుతూ నడుస్తుంటే, పాత గోపురాలు చూడ్డానికొచ్చిన జనం వాటిని వదిలేసి ఈవిడనే చూశారట. ఏ సందులో దూరినా చివరికి ఒకే కూడలిలో, ఒక కంచు సింహం ముందు తేలుతుండేదట.

ఆ సింహం ఒళ్ళంతా నలుపు, ముందరి పంజా మాత్రం బంగారంలా మెరుపు. దాన్ని నిమిరితే పరీక్ష తప్పరని అక్కడి విద్యార్థుల నమ్మకం. అక్కకి అల్లరి పుట్టింది. ఒకరోజు అందరూ చూస్తుండగా పంజా వదిలేసి సింహం చెవి పట్టుకుని, కళ్ళు మూసుకుని ఏదో గొణిగింది. మర్నాడు చెవి దగ్గర ఇద్దరు నిలబడ్డారు. సెలవులకి బయల్దేరేనాటికి చెవి కూడా మెరుస్తోందట!

మేమంతా పడీ పడీ నవ్వాం. ఎదురింటి అంకుల్ మాత్రం నవ్వలేదు. ఆయన ఇంజనీరు. ఒమన్ డ్రైవింగు పరీక్షలో డ్రమ్ముల మధ్య కారు వెనక్కి పెట్టలేక ఎన్నోసార్లు తప్పినా, సైన్సు మీద ఆయనకి గౌరవం పోలేదు. "కోతలు కొయ్యకమ్మా. వాళ్ళు సైన్సు మనుషులు. ఇలాంటి పిచ్చి మనవాళ్ళకే" అన్నాడు. అక్క ఇంకో పకోడీ తీసుకుంది.

మర్నాటి నుంచి అక్క మెట్లు దిగినప్పుడల్లా ఇత్తడి గుండు మీద అరచెయ్యి ఆన్చి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని వెళ్ళేది. ఎందుకని అడిగితే, "అబ్బే, ఏం లేదు" అని చిన్నగా నవ్వేది. ఏం లేదన్నాక ఏదో ఉందని తేలిపోయింది కదా! కింది వాటా వాళ్ళకి ఆగిపోయిన వీసా వచ్చింది. గుండు ముట్టుకున్నందుకే అన్నారు. ఎవరిదో జ్వరం తగ్గింది. అంకుల్ అటూ ఇటూ చూసి గుండుని నిమిరి వెళ్ళాడు. ఆ రోజే డ్రమ్ములు ఆయన్ని కరుణించాయి. ఇక చూడండి, గుండు తళతళలాడిపోయింది. సింహం కథ విని నవ్వినవాళ్ళమే అందరం. అయినా సింహం వేరు, గుండు వేరు అనుకున్నాం.

నాకేమో లెక్కల పరీక్ష దగ్గరపడింది. అందులో తప్పితే పై క్లాసుకి పంపరు. భిన్నాలంటే నాకు వణుకు. ఉదయం, సాయంత్రం గుండుని రుద్ది పుస్తకం మూసేశాను. పరీక్ష ముందు రోజు ఆ సంగతి అక్కకి గొప్పగా చెప్పాను. ఆమె నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది.

"ఆ గుండు మీద ముందు చెయ్యి పెట్టింది నేనే. ఊరికే పెట్టానే పిచ్చిపిల్లా. అంకుల్ చూస్తాడని పెట్టాను. తియ్యి పుస్తకం!"

గుమ్మంలోకొచ్చిన అంకుల్‌కి కూడా అదే మాట చెప్పింది. ఆయన జేబులోని కొత్త లైసెన్సు తడుముకుని, "నువ్వు ఊరికే పెట్టి ఉండొచ్చమ్మా. దానికి శక్తి ఉందని నీకే తెలియదేమో!" అన్నాడు. జీవితంలో నేను చేసిన వాదనలన్నిటిలోనూ నాకు ఎదురైన జవాబు ఇదే. మనుషులు మారారు, అంతే.

ఆ సాయంత్రమంతా అక్క చపాతీలు కోసి, ముక్కలు కలిపి భిన్నాలు చెప్పింది. పొద్దున్నే మెట్లు దిగాను. చివరి మెట్టు దగ్గర గుండు మెరుస్తోంది. అక్క చెప్పింది నిజమని తెలుసు. అయినా అరచెయ్యి దురద పెట్టింది. ఇవాళొక్కరోజుకి ముట్టుకుంటే పోయేదేముంది? రెండు చేతులతో జామెట్రీ బాక్సుని గుండెలకి అదుముకుని ఒక్క పరుగు తీశాను.

పాసయ్యాను, అత్తెసరు మార్కులతో. ముట్టుకోనందుకే పాసయ్యానంటే నాకూ అంకుల్‌కీ తేడా ఉండదు. చపాతీ ముక్కల వల్ల పాసయ్యాను.

ఇప్పటికీ పదిమంది చేతులు పడి ఏదైనా మెరుస్తుంటే, ముందు చెయ్యి పెట్టిందెవరని అడుగుతాను. కోపగించుకున్నవాళ్ళే ఎక్కువ. కానీ ఎంత నవ్వొచ్చినా వాళ్ళని చులకన చెయ్యలేను. తెలిసి కూడా చెయ్యి ఎంత దురద పెడుతుందో ఆ చివరి మెట్టు మీద నాకు తెలిసింది.