మా తాతగారి ఇరవై కిలోల రాళ్ళు

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న ఆ రోజుల్లో నా దగ్గర పుష్కలంగా ఉన్నవి రెండే, తీరిక, పొగరు. (బందుల పుణ్యమా అని మొదటిది ఊరందరికీ ఉండేది. రెండోది ఒక్క నాకే.) టేకుమట్ల అవతల కోటలాంటి మా దొరల గడి కప్పు కూలి, కుటుంబమంతా జనగామలో ఒక అద్దె ఇంటికి చేరి అప్పటికి పాతికేళ్ళు. అయినా నేను నడుస్తుంటే వీపుకు కర్ర కట్టుకున్నట్టు ఉండేదని మా మేనత్త ఇప్పటికీ దెప్పుతుంది. అటువంటి నేను ఘనపూర్ చెరువులో ఒక కాంట్రాక్టరు తెచ్చిపెట్టిన స్పీడు బోటు దగ్గర టికెట్లు చింపే పనిలో చేరాను. ఎవరైనా అడిగితే మాత్రం "జలవిహార పర్యవేక్షణ" అని చెప్పేవాణ్ణి.

బోటు నడిపేవాడు నాకంటే పదేళ్ళు పెద్ద. ఊరంతా స్టీరింగన్న అనేవారు. నేను ఆ 'అన్న'ను కోసేసి "స్టీరింగూ" అని పిలిచేవాణ్ణి. చెరువు కట్ట మీద మక్క కంకులు కాల్చి అమ్మే అవ్వ వాళ్ళమ్మ. ఆమె పుట్టిల్లు మా ఊరే. ఆమె తండ్రి మా పొలం కౌలుకు చేసి, ఏటా మా గడి అరుగు మీద గింజలు తూచి ఇచ్చి పోయినవాడు. ఇద్దరూ నన్ను "చిన్నదొర" అనేవారు. ఆ మాటలో ఎంత మర్యాద ఉందో, ఎంత వేళాకోళం ఉందో తేల్చుకోవాలని నాకెప్పుడూ తోచలేదు.

ఒక బందుకు ముందురోజు కాంట్రాక్టరు గారి బామ్మర్ది హైదరాబాదు నుంచి ఇస్త్రీ బల్లంత పలక ఒకటి పట్టుకొని దిగాడు. "దీని మీద నిలబడి, తాడు ఇడిచిపెట్టి, బోటు ఎనక లేసే అల మీద పోత. ఇంటర్నెట్ల చూసిన," అన్నాడు. అంత అల లేవాలంటే బోటు వెనక భాగం నీళ్ళలోకి బాగా దిగాలట. అందుకు నాలుగు వందల కిలోల బరువు వేయాలట, రెండు పక్కలా సమానంగా. స్టీరింగన్నకు దొరికినవి పది సంచులే. ఇసుక నింపి, మిల్లులో కాంటా పెట్టించి, ఒక్కొక్కటి ఇరవై కిలోల లెక్కన తెచ్చాడు. ఇంకో పక్కకు ఏం వేయాలని వాళ్ళు తల గోక్కుంటుంటే నా వీపు మరింత నిటారయింది.

"మా గడిలో తూకం రాళ్ళున్నాయి," అన్నాను. "పది. ఒక్కొక్కటి ఇరవై కిలోలు. మా తాతగారు దగ్గరుండి చెక్కించినవి. మీ మిల్లు కాంటా తప్పవచ్చు గాని అవి తప్పవు."

సాయంత్రానికల్లా ట్రాక్టరులో తెప్పించాను. ప్రతి రాయి మీదా మా ఇంటిపేరులో మొదటి అక్షరం. వాటిని చూసి అవ్వ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. గౌరవంతో ఆగిందనుకున్నాను.

మర్నాడు బందు. కట్ట పక్కనే రోడ్డు మీద వంటావార్పు. బండ్లు కదలకుండా నడిరోడ్డున పొయ్యిలు పెట్టి, వండుకొని అక్కడే తినడం అప్పటి నిరసన. అన్నం ఉడికేదాకా పనిలేని జనం, డప్పులతో సహా కట్ట ఎక్కి మా తమాషా చూడటానికి నిలబడ్డారు. ఎడమ పక్క మా రాళ్ళు, కుడి పక్క ఇసుక సంచులు. స్టీరింగన్న నట్టనడుమ కూర్చున్నా బోటు ఎడమకు నాలుగు వేళ్ళు ఒరిగింది. గాలి వల్ల అన్నాను. (ఆకు కూడా కదలడం లేదు.) బోటు ఉరికింది. ఎడమ పక్క నిగనిగలాడే అల లేచింది. బామ్మర్ది దాని మీద పది లెక్కపెట్టేంతసేపు నిలిచి మునిగాడు. కుడి పక్క మాత్రం ఉత్త నురుగు. తడిసిన కోడిలా ఒడ్డుకొచ్చి, "రెండు దిక్కుల సమానం లేదు. ఎవరో తూకం కొట్టిండ్రు," అన్నాడు.

అంతమంది ముందు నేను క్షణం ఆలోచించలేదు. "స్టీరింగూ, ఇసుక తక్కువ పోసినవు గదా?"

"లేదు చిన్నదొరా. కాంట పెట్టి తెచ్చిన."

"అబద్ధమాడకు."

"గట్లయితే రేపటి సంది నువ్వు రాకు," అన్నాడు బామ్మర్ది అతనితో. స్టీరింగన్న ముఖం పాలిపోయింది. ఆ బోటు తప్ప అతనికి వేరే బతుకుతెరువు లేదని నాకు తెలుసు. తెలిసీ చేతిలోని టికెట్ల కట్ట సర్దుకున్నాను.

అప్పుడు అవ్వ లేచింది. "చేపల కాంట గీడనే ఉన్నది గదా. జర ఎక్కియ్యుండ్రి. సంచినీ ఎక్కియ్యుండ్రి, రాయినీ ఎక్కియ్యుండ్రి."

"మా రాయినా?" అన్నాను.

"ఏం బిడ్డా, దానికి కాంటంటే భయమా?"

ఎవరో డప్పు మీద ఒక్క దెబ్బ వేశారు. సంచిని ఎక్కించారు. ఎర్రటి అంకెలు ఇరవై దగ్గర నిలిచాయి. రాయిని ఎక్కించారు. అంకెలు ఇరవై దాటి, ఇంకా దాటి, ఇరవై నాలుగు దగ్గర ఆగాయి. కాంటా చెడిపోయిందన్నాను. రెండో రాయి పెట్టారు. ఇరవై నాలుగు. మూడోది మోయబోతుంటే చాలన్నాను. మా తాతగారు దగ్గరుండి చెక్కించారన్నది మాత్రం నిజమే. ఇరవై కిలోలు ఇస్తున్నామనుకున్న ప్రతి కౌలుదారూ ఇరవై నాలుగు కిలోలు ఇచ్చి, దండం పెట్టి మరీ పోయాడు.

నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. అవ్వ మాత్రం రాయి మీది అక్షరాన్ని వేలితో తడిమింది. "మా నాయిన ఇంటికాడ కొలుసుకొని పోతుండె. గడిల ఎప్పుడు సూసినా తక్కువొస్తుండె. తొవ్వల నువ్వే బుక్కి తిన్నవా అని మా అమ్మ ఆయన్ని తిట్టని తిట్టు లేదు. పాపం, సచ్చిందాక పడ్డడు."

ఇదంతా పట్టని ప్రాణి బామ్మర్ది ఒక్కడే. "అన్నా, అల లేసింది గీ రాళ్ళ దిక్కే! ఇసుక తీసేయుండ్రి. గిసొంటి రాళ్ళు ఇంకో నాలుగు దొరుకుతయా?" అని నన్నడిగాడు. మా వంశ గౌరవాన్ని మనసారా మెచ్చుకున్న ఆఖరి మనిషి అతనే.

"అల తర్వాత," అంది అవ్వ. "ఇంకో బువ్వ గంజు ఎక్కియ్యాలె, పొయ్యికి రాళ్ళు తక్కువున్నయి." కుర్రాళ్ళు మూడు రాళ్ళను దొర్లించుకుపోయారు. మా ఇంటి అక్షరం మంటవైపు తిరిగి నల్లబడింది.

స్టీరింగన్నను క్షమాపణ అడగాలి. "అన్నా, బోటు కట్టేద్దామా?" అన్నాను. అంతే చేతనయింది. అతను, "కట్టేద్దాం తియ్యి. ముందు బువ్వ తిందాం దా," అని బంతిలో తన పక్కన చోటిచ్చాడు. నడిరోడ్డు మీద, కాళ్ళు ముడుచుకొని, ఆ వీపుతోనే కూర్చున్నాను. అవ్వ నా విస్తరిలో అన్నం పెడుతూనే ఉంది. చాలు అంటే వినలేదు.

"తిను బిడ్డా. గిక్కడ తూకం లేదు."

అన్నం బాగుందని ఒప్పుకోవాలి. (రాళ్ళు మంచివి. వేడి బాగా నిలిపాయి.)

ఇప్పుడు జనగామ అంగట్లో కూరగాయలు కొనేటప్పుడు మా ఆవిడ, "ముల్లు సరిగ్గా చూడరేం? వంకాయలు ఎంత తూగాయో చూడండి," అని కసురుతుంది. నేను ఎటో చూస్తూ నిలబడతాను. వీపు ఇప్పటికీ నిటారుగానే ఉంటుంది, అలవాటు పోదు గదా. తూకం సంగతి ఎత్తే ముఖం మాత్రం నాకు లేదు. ఇంటికొచ్చి చూస్తే వంకాయలు తక్కువే ఉంటాయి. తొవ్వలో మీరే తిన్నారా అంటుంది ఆవిడ. అవునంటాను.