ఎర్మీన్ పూచీ

కొరివితో తల గోక్కోకే అని పక్కింటి ఎర్మీన్‌కి నేను ముందే చెప్పాను. వింటేనా! చచ్చిపోయిన దాని అక్క కొడుకు అన్సెల్మ్ ఎవరిదో పడవ ఇంజను కాజేశాడని పోలీసులు పట్టుకుపోయారు. జడ్జి బెయిలిచ్చాడు కానీ, సొంత ఇల్లున్న మనిషెవరైనా పూచీ పడాలన్నాడు. ఏళ్లకేళ్లు చేపలమ్మి కట్టుకున్న రెండు గదుల ఇంటి దస్తావేజు పట్టుకెళ్లి కోర్టులో పెట్టింది మహాతల్లి. వాడు పారిపోతే ఆ ఇల్లు పోతుంది. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆరులోగా వాడు స్టేషన్లో సంతకం పెట్టాలి, దేశం దాటకూడదు.

"పాస్‌పోర్టు అప్పగించు" అన్నాడట జడ్జి. మా ఇకాకోస్ పల్లెలో ఎవడికుంది కనక? ఒడ్డున నిలబడితే ఎదురుగా వెనిజులా కొండలు. వెళ్లాలనుకున్నవాడికి పడవ ఉంటే చాలు.

ఆ శుక్రవారం అన్ని పడవలూ తిరిగొచ్చాయి, వేటకెళ్లిన అన్సెల్మ్ రాలేదు. ఎర్మీన్ ఒడ్డున నిలబడి సముద్రాన్నే చూస్తోంది. వలలు ఆరేస్తున్న లియోపోల్డ్ ఊరుకుంటాడా!

"ఏం ఎర్మీన్, నీ ముద్దుల కొడుకు ఈపాటికి అవతల విందు భోజనం లాగిస్తుంటాడులే! ఇల్లు వేలానికొస్తే ముందు నాకు చెప్పు."

"నీ నోట్లో మన్నుపడ!" అని తిట్టాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"స్టేషన్‌కి వస్తావా అక్కా? ఒక్కదాన్నీ పోలేను."

సార్జెంట్ మంచివాడే. "పూచీ వదులుకోవచ్చు తల్లీ. వాడు పారిపోతాడని అనుమానంగా ఉందని రాసి సంతకం పెట్టు. ఆ తర్వాత కనపడ్డచోటే పట్టుకుంటాం. ఇంకెవరైనా పూచీ పడేదాకా లోపలే ఉంటాడు."

"వాడికింకెవరున్నారు?"

ఆయన కాగితం, కలం ముందుకు జరిపాడు. నాకూ ఏడుపొచ్చింది, కానీ ఇల్లు పోతే ఈ వయసులో ఇది ఎక్కడ తలదాచుకుంటుంది? "పెట్టెయ్యవే" అన్నాను.

పెట్టింది. కలం ఇంకా కింద పెట్టలేదు, గుమ్మంలో నీళ్లోడుతూ అన్సెల్మ్! అరచేతులు రెండూ తోలు లేచిపోయి నెత్తురు కారుతోంది.

"ఆరు కాలేదుగా సార్?" అన్నాడు ఆయాసపడుతూ. కాగితం చూశాడు. పిన్ని మొహం చూశాడు. నాకు భూమిలోకి కుంగిపోయినట్టయింది.

"ఇంజను నడిమధ్యన ఆగిపోయింది పిన్నీ. నీటి వాలు కొండలవైపే ఉంది. తెడ్డు పక్కన పెట్టి కూర్చుంటే చాలు, అదే తీసుకుపోయేది." వాడు తన అరచేతులు చూసుకున్నాడు. "అబద్ధమెందుకు, కాసేపు పక్కన పెట్టాను కూడా. నీ వంటింటి కిటికీ గుర్తొచ్చింది. మళ్లీ తీశాను."

సార్జెంట్ వైపు చేతులు చాపాడు. "లోపలెయ్యండి సార్. ఆవిడ కంటినిండా నిద్రపోనీ."

ఎర్మీన్ ఆ కాగితం చటుక్కున లాక్కుని గౌను జేబులో కుక్కుకుంది. సార్జెంట్ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

"నోర్ముయ్ వెధవా!" అని వాడి వీపు మీద ఒక్కటిచ్చింది. "ముందు సంతకం పెట్టు, ఆరవుతోంది."

కలం పట్టుకోవడం వాడి వల్ల కాలేదు. ఆమే వాడి వేళ్లు దాని చుట్టూ మడిచి పట్టుకుంది.

కేసు ఇంకా వాయిదాల మీదే నడుస్తోంది. ఆ కాగితం ఎర్మీన్ ఇప్పటికీ చింపలేదు. శుక్రవారం సాయంత్రమైతే దాన్ని జేబులో వేసుకునే ఒడ్డుకి పోతుంది.