‘నువ్వు’ అన్నందుకు జైలు: క్వేకర్ల మౌనంలో ఒక గంట

నేను ఉండేది సిడ్నీలోని క్వేకర్స్ హిల్‌లో. రెండేళ్లుగా గోడౌన్‌లో పెట్టెలు మోస్తున్నాను కానీ ఆ పేరేమిటని ఎప్పుడూ ఆలోచించలేదు. మొన్న బ్రేక్‌లో ఫోన్‌లో చదివాను. మూడున్నర శతాబ్దాల క్రితం ఇంగ్లండ్‌లో, రాజు ఒప్పుకున్న చర్చి తప్ప వేరే ప్రార్థన నేరమైన రోజుల్లో, క్వేకర్లు అనేవాళ్లు దేవుడి ముందు అందరూ ఒకటేనని దొరల్ని కూడా, అప్పటి ఇంగ్లీషులో ‘నువ్వు’లాంటి మాట ‘దౌ’తో, ‘నువ్వు’ అన్నారు. తన్నులు తిన్నారు, జైళ్లకు పోయారు. చదివాక నాకు పని సాగలేదు.

మా ఊళ్లో ఆ మాట నేనూ అన్నాను. పదేళ్లప్పుడు, నా క్లాసువాడే అయిన కామందు కొడుకుని. వాళ్ల అరుగు ముందే మా నాన్న నా చెంప పగలగొట్టాడు. “చిన్నయ్యగారిని మీరు అనాలిరా” అన్నాడు. సరే అని ఆ రోజు నుంచి, అప్పటిదాకా ‘నువ్వు’ అని పిలిచిన నాన్ననే ‘మీరు’ అన్నాను. కావాలనే, శిక్షగా. పోయినేడు ఆయన చనిపోయేదాకా మార్చలేదు.

సిడ్నీ నగరం మధ్యలో క్వేకర్లు ఇప్పటికీ ప్రార్థనకు కూడతారని తెలిసి, ఆదివారం తొమ్మిదికి బయల్దేరాను. పట్టాల పని వల్ల బ్లాక్‌టౌన్ దాకా రైలు బదులు బస్సు వేశారు. డ్రైవర్ వరంగల్ ఆయన. ఎక్కడికని అడిగితే, గంటసేపు ఎవరూ మాట్లాడని ప్రార్థనకని చెప్పాను. “మా ఇంట్ల రోజూ అదే నడుస్తది తమ్మీ. దానికి గంత దూరం పోవుడెందుకు?” అన్నాడు. బ్లాక్‌టౌన్ నుంచి సెంట్రల్‌కు రైల్లో ముప్పావుగంట, ఆపైన పది నిమిషాల నడక. ఆదివారం టికెట్ తక్కువే. ప్రార్థనకు ఏమీ అడగరు.

తలుపు దగ్గర డెబ్బై దాటిన ఒకావిడ తన పేరు మార్గరెట్ అంది. ఆంటీ అన్నాను. “నో ఆంటీ హియర్. జస్ట్ మార్గరెట్” అంది నవ్వుతూ. నాకు నోరు తిరగలేదు.

లోపల ఫాదర్ లేడు, పాట లేదు, గుండ్రంగా రెండు వరసల కుర్చీలు. అందరూ మౌనంగా కూర్చుంటారు, ఏదైనా చెప్పాలనిపించినవాళ్లు మాత్రం లేచి చెప్పొచ్చు. నేను వెళ్లింది నాన్నని ఒక్కసారి ‘నువ్వు’ అని పిలవడానికే. నలభై నిమిషాలకు లేచాను. తెలుగులోనే, “నాన్నా, కొట్టింది భయంతోనని ఇప్పుడు తెలిసింది. మీరు...” అన్నాను. ‘మీరు’ అనే వచ్చింది. పద్నాలుగేళ్ల అలవాటు. అక్కడెవరికీ ఆ తేడా తెలియదు. కూర్చున్నాను.

కామందు మీద నా కోపం తగ్గలేదు, తగ్గదు. కానీ అతన్ని నేనేమీ చేయలేకపోయాను. చేతికి అందిన మనిషిని శిక్షించాను. క్వేకర్లు జైలుకెళ్లి మరీ దొరలను పిలిచిన ‘నువ్వు’ని, నేను మా నాన్నకు దక్కనివ్వలేదు.

వెళ్లేవాళ్లకు ఒక మాట. పదిన్నరకు మొదలు, పది నిమిషాలు ముందే వెళ్లి తలుపు పక్క కుర్చీ తీసుకోండి. ఏడుపొస్తే ఎవరికీ అడ్డం కాకుండా బయటికి రావచ్చు. నేను తెలియక లోపలి వరసలో కూర్చున్నాను.